ముల్లు మీద వేలు

గూట్లో పెట్టిన కాగితం నాలుగు రోజులైనా అక్కడి నుంచి కదలలేదు. పక్కనున్న ఉప్పు డబ్బా తీశారు, దీపం తీశారు, మళ్లీ పెట్టారు. కాగితాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

అందులో ఉన్నది రెండు ముక్కలే. సుందర్‌రాజు రెండుసార్లు ఆలస్యంగా వచ్చాడు. మూడోసారి ఆలస్యమైతే ఇక రానక్కర్లేదు.

పటాన్‌చెరు ఫ్యాక్టరీవాళ్లు దాన్ని ఇంగ్లీషులో రాశారు. కొడుకు సుందర్‌రాజు చదివి వినిపిస్తే, నాలుగో తరగతితో బడి మానేసిన కృపానందానికి కూడా అది అర్థమైంది. పొమ్మనే మాట ఏ భాషలో రాసినా పొమ్మన్నట్టే ఉంటుంది.

కోడలు సుకుమారి జొన్న గటక గిన్నెను మామ ముందుకు నెట్టింది. పెట్టడం వేరు, నెట్టడం వేరు. ఆ తేడా ఆయనకు తెలుసు.

“మేకను అమ్మిన,” అంది.

సుందర్‌రాజు తల ఎత్తాడు. “ఏ మేకను?”

“మనకు పది మేకలున్నయా? ఉన్న ఒక్కదాన్నే. పొద్దుగాల ఎల్లయ్య తోలుకపోయిండు. నూట ముప్పయి ఇచ్చిండు. గడియారం కొనుక్కో.”

“అది ఈనేటి మేక గదనే.”

“అది ఈనేదాంక నీ నౌకరి ఉంటదా?”

ముగ్గురూ గడప బయటికి చూశారు. గుంజకు తాడు అలాగే వేలాడుతోంది. తాడు కొసన ముడి కూడా విప్పకుండానే, మెడ మీది నుంచి తీసి మేకను తీసుకెళ్లినట్టున్నాడు ఎల్లయ్య.

“గడియారం ఎందుకు?” అన్నాడు కృపానందం. గొంతు ఆయన అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. “ఇంటి పక్కనే గంట ఉన్నది. దానికంటె పెద్ద గడియారం ఏడ దొరుకుతది?”

రుద్రారానికి కోసెడు దూరంలో, వాళ్లుండే క్రైస్తవ మిషన్ కాంపౌండులో ఇరవై ఆరేళ్లుగా గంట కొట్టేది ఆయనే. తెల్లవారుజామున ఐదుకొకసారి, పన్నెండుకొకసారి, సాయంత్రం ఆరుకొకసారి. ఆదివారమైతే ఆరాధనకు ముందు రెండుసార్లు. గుడి వెనక రెండు గదుల పెంకుటిల్లు గంట కొట్టేవాడికని ఇచ్చిందే. గంట ఉన్నన్నాళ్లే ఇల్లు.

“గంట ఉన్నది. గంటనే నమ్ముకున్నం,” అంది సుకుమారి. “రెండుసార్లూ నీ కొడుకు గంట గాంగనే లేసిండు మామా. మొఖం కడుక్కుని, ఇంత గటక తాగి బస్సు కాడికి ఉరికిండు. రెండుసార్లూ బస్సు ఎనక దుమ్మే జూసిండు.”

“అంటే?”

“అంటే నాకేం తెలుసు. బస్సే ముందొచ్చిందేమో.”

“సర్కారు బస్సు పుట్టి బుద్ధెరిగి ఎన్నడన్న ముందొచ్చిందా,” అని సుందర్‌రాజు నవ్వబోయాడు. ఎవరూ కలిసి రాకపోయేసరికి ఆ నవ్వును గటకతో పాటు మింగేశాడు.

“ఇరవై ఆరేండ్లు,” అన్నాడు కృపానందం. “నా గంట ఇని ఊరు లేసింది, నాగలి గట్టింది. మిషన్ దొర ఉన్ననాడు తన జేబు గడియారాన్ని నా గంటతోని కలుపుకున్నడు.”

“దొర పోయి పదిహేనేండ్లాయె. ఆయన గడియారం ఏ సముద్రం అవతల ఉన్నదో.” సుకుమారి దండెం మీది తువ్వాలు లాగి విప్పింది. “గంట సంగతేమో గాని, నీ తువ్వాలకు రోజు ఈ నల్ల మరక ఎక్కడిది మామా? సబ్బు అరిగిపాయె. మరక పోతలేదు.”

కృపానందం కుడిచేతి చూపుడు వేలిని మెల్లగా గుప్పిట్లోకి మడుచుకున్నాడు.

ఆయన కళ్లలో పొర కమ్మి రెండు వానాకాలాలు దాటాయి. మొదట దీపం చుట్టూ మబ్బు కనపడింది. తర్వాత ఆ మబ్బే మిగిలింది. పగలు మనుషుల్ని నడకను బట్టి, గొంతును బట్టి పోల్చుకుంటున్నాడు. ఎవరికీ చెప్పలేదు. భార్య దయావతి బతికి ఉంటే చెప్పకుండానే కనిపెట్టేది.

గుడి పక్క గదిలో దొర కాలం నాటి గోడ గడియారం ఉంది. దాని గంట కొట్టే సుత్తి ఎప్పుడో విరిగింది, నడక మాత్రం ఆగలేదు. కళ్లు పని చెయ్యడం మానేసినప్పటి నుంచి కృపానందం దాని అద్దం తలుపు తీసి, ముళ్లను వేలితో తడిమి టైము తెలుసుకుంటున్నాడు. పొట్టి ముల్లు ఐదు దగ్గరికి, పొడుగు ముల్లు పైకి. కన్ను అబద్ధం చెప్పినా వేలు చెప్పదనుకున్నాడు. సంగారెడ్డిలో ఉండే పాస్టరు సొలొమోను అయ్యగారు నెలకోసారి రేడియో విని ఆ గడియారాన్ని సరిచేసేవాడు. మోకాళ్లు పట్టేసి ఆయన సంగారెడ్డి దాటి ఇటు రాక మూడు నెలలైంది.

కళ్లు పోయాయని తెలిస్తే గంట తాడు ఇంకొకడి చేతికి పోతుంది. ఇంకొకడు ఇంట్లోకి వస్తాడు. అంతే సంగతి. దేవుడి ఇల్లయినా కిరాయి లెక్క ఒకటే.

“నాయినా,” అన్నాడు సుందర్‌రాజు, “రేపు నాకు ఛుట్టీ. సంగారెడ్డికి పోదాం. నువ్వు గూడ రావాలె.”

“నేనెందుకురా?”

“నువ్వు లేకుంటే దుకాణపోడు నాకేదో ఒకటి అంటగడతడు. టైము సంగతి నీ కంటె ఎరిగినోళ్లెవరున్నరు?”

వెటకారం కాదది. వెటకారమైనా బాగుండేది. కొడుకు మనసారా అన్నాడు.

* * *

సంగారెడ్డి పాత బజారులో కిష్టప్ప గడియారాల దుకాణం ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట ఉండాల్సినంత ఉంటుంది. కిష్టప్ప ఒక కంటికి భూతద్దం బిగించుకుని, విప్పిన గడియారం మీదికి వంగి కూర్చున్నాడు. తల ఎత్తకుండానే బేరం మొదలుపెట్టాడు.

“ఎంతల గావాలె?”

“నూట ముప్పయి ఉన్నయి,” అన్నాడు సుందర్‌రాజు.

“ఉన్నదంత ముందుగాలనే చెప్పేటోడివి, నీకు గడియారం కంటె ముందు తెలివి కొనిపెట్టాలె.” కిష్టప్ప బల్ల మీద తెల్లగుడ్డ పరిచి మూడు గడియారాలు పెట్టాడు. “సూడు.”

మొదటిది బంగారు రంగుది. సుందర్‌రాజు చెయ్యి నేరుగా దాని మీదికే పోయింది.

“బంబాయి లారీల వచ్చిన మాలు. తారీఖు గూడ సూపిస్తది,” అన్నాడు కిష్టప్ప.

“జబర్దస్తున్నది నాయినా.” మణికట్టు మీద పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. “సుకుమారి సూస్తే మేకను మర్సిపోతది.”

“నువ్వేం పని జేస్తవు?”

“మిషను మీద ఇనుము తురుముత.”

“అట్లయితే దాన్ని కింద పెట్టు. ఆ పూత నీ చెమటకు, మిషను నూనెకు ఆర్నెల్లు ఆగది. లోపల ఇత్తడి పచ్చగ బయటపడతది. అది పెండ్లిల కట్టుకునేది, నిత్యం కట్టుకునేది గాదు.” కిష్టప్ప రెండోదాన్ని వేలితో జరిపాడు. “ఇది స్విస్సుది. మంచి జాతి. గాని ముసలిది. లోపల సామాను ఇరిగితే నేనేడికెల్లి తేవాలె?”

“ఇదో?”

“హెచ్చెమ్‌టీ. సూపుకు ఏం లేదు. తారీఖు లేదు, మెరుపు లేదు. రోజూ ఒక్క యాళ్లకు చావి ఇచ్చుకోవాలె. కొత్తది గావాల్నంటే పేరు రాయించుకుని నెలలకు నెలలు సూడాలె. ఇదొక మాస్టరు పెండ్లికని కొన్నడు. పెండ్లి చెడింది. వాపసు తెచ్చి నా మొఖాన పడేసిండు.”

“చెడిన పెండ్లి గడియారమా,” అన్నాడు సుందర్‌రాజు అనుమానంగా.

“పెండ్లి చెడింది. గడియారం చెడలే.” దాన్ని తిరగేసి వెనక మూత మీద గోరుతో కొట్టాడు. “ఉక్కు మూత. చావి తిప్పి సూడు, ఇసుక నమిలినట్టు అంటదేమో. అనదు. తోలు పట్టా వద్దు, చెమటకు కుళ్లుతది. నైలానుది ఏస్త. ఒక్క మాట ఇను. మిషను నడుస్తున్నప్పుడు ఇప్పి జేబుల ఏసుకో. పట్టా చక్రంల బడితే చెయ్యి బోతది. గడియారమంటె మళ్ల కొనొచ్చు.”

సుందర్‌రాజు ఇంకా బంగారు రంగుదాన్నే చూస్తున్నాడు. “నాయినా, నువ్వు జెప్పు.”

కిష్టప్ప మూడింటినీ కృపానందం వైపు జరిపాడు. “సూడు పెద్దమనిషీ. ముళ్లు ఎట్ల నడుస్తున్నయో నువ్వే సూసి చెప్పు.”

కృపానందం ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తెల్లటి మచ్చ, పెరుగు చుక్కలాగా. అంతకుమించి ఏమీ లేదు. వేలు అలవాటుగా ముల్లు కోసం వెతికింది. అద్దం తగిలింది. చల్లగా, నున్నగా, మూసిన తలుపులాగా.

దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

బంగారు రంగుది గిట్టలో ముల్లు దిగిన మేకలాగా కుంటుతోంది. ఒకటి, ఒకటి, ఆగి రెండు. స్విస్సుది బాగానే నడుస్తోంది గానీ అడుగడుక్కీ ఆయాసపడుతోంది. మూడోదాన్ని చాలాసేపు విన్నాడు. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా ఆలస్యం లేదు. పొద్దున్నే దయావతి జొన్నలు దంచే చప్పుడు ఇలాగే ఉండేది. నిద్రలో కూడా ఆయన దాన్ని లెక్కపెట్టేవాడు.

“ఇది,” అన్నాడు.

కిష్టప్ప మొదటిసారి తల పూర్తిగా ఎత్తాడు. “మెకానిక్కులకు గూడ ఇంత చెవి ఉండది.” సుందర్‌రాజు చేతికి గడియారం ఇచ్చాడు. “బజారు మూలకు హోటల్ల రేడియో ఉన్నది. వార్తల ముందు పీపుమంటది. ఆ పీపుకు కలుపుకుని రా. ఈలోపు నేను పట్టా తీసిపెడత.”

కొడుకు అడుగులు దూరమయ్యేదాకా కృపానందం ఆగాడు.

“సేటూ. ఒక మాట.”

“అడుగు.”

“గడియారం అద్దం తీసేసి, ముల్లును చేతితోని తడుముకునేటట్టు చెయ్యొస్తదా?”

కిష్టప్ప కంటి భూతద్దం తీశాడు. తీసిన చప్పుడు వినపడింది.

“ఎవరికి?”

“ఎవరికో ఒకరికి.”

“ముల్లును ముడితే జరుగుతది పెద్దమనిషీ. అందుకే గద అద్దం పెట్టేది.”

“చేతి గడియారం ముల్లు సన్నగుంటది. గోడ గడియారం ముల్లు గట్టిది గద.”

“గట్టిదైతేంది? పెద్ద ముల్లు ఇంకా సులువుగ జరుగుతది. గంట నిండవస్తుంటే పొడుగు ముల్లు ఎక్కుతుంటది గద. ఎక్కేదాని మీద వేలు బరువు పడితే అది ఏడికి బోతది? కిందికే దిగుతది. ఒక్కరోజైతే ఏం గొడవలే. రోజూ జేస్తే గడియారం ఎనకబడుతనే ఉంటది. సూసేటోడికి తెల్వనే తెల్వది.”

కృపానందం బల్ల అంచును పట్టుకున్నాడు.

మూడు నెలలు. రోజుకు మూడుసార్లు. ఎక్కుతున్న ముల్లును తన చేత్తో తనే కిందికి దించుతూ వచ్చాడు. బస్సు ఆలస్యమైన రోజుల్లో కొడుకు బతికిపోయాడు. బస్సు సరిగ్గా వచ్చిన రెండు రోజుల్లో దొరికిపోయాడు. గూట్లో ఉన్న కాగితం మీద టైమాఫీసువాడు సంతకమే పెట్టాడు. రాసింది మాత్రం ఈ వేలే.

“ఎన్నాళ్ల నుంచి?” అన్నాడు కిష్టప్ప, గొంతు తగ్గించి.

కృపానందం చూపుడు వేలిని మళ్లీ గుప్పిట్లో దాచుకున్నాడు.

“పట్నంల పొర తీస్తరంట. నాకెరికైన ఇద్దరికి మంచిగైంది. ఒకాయనకు ఉన్న ఇంత ఎలుగు గూడ పోయింది. నేను ఏ మాటా చెప్ప. నీ ఇష్టం.”

సుందర్‌రాజు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, కొత్త పలక దొరికినవాడిలాగా ఉన్నాడు. “కలిపిన నాయినా. పీపుకు సరింగ కలిపిన.”

తిరుగు బస్సులో చెయ్యి మోకాలి మీద పెట్టుకుని దారి పొడుగునా దాన్నే చూసుకున్నాడు. కంది ఊరు దాటాక అన్నాడు: “బంగారుదే కొంటుంటి. నువ్వు అడ్డం పడ్డవు, మంచిగైంది. నువ్వు ఏరిందని అందరికీ జెప్త.”

కృపానందం నోరు తెరిచాడు. బస్సు గుంతలో పడి లేచింది. మళ్లీ మూసుకున్నాడు.

ఇంట్లో సుకుమారి గడియారాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు తూచింది. “ఇంతేనా?” అంది. “కొమ్ములు గూడ లెవ్వు.” కానీ ఆమే దాన్ని పాత గుడ్డలో చుట్టి భర్త తలగడ కింద పెట్టింది.

* * *

తెల్లవారుజామున కృపానందం గడియారం ముందు నిలబడ్డాడు. అద్దం తలుపు తీశాడు. వేలు దానంతట అదే లేచింది. ముల్లుకు జానెడు దూరంలో దాన్ని ఆపాడు.

తలుపు మూసేశాడు.

ఇప్పుడు కన్నూ లేదు, వేలూ లేదు. మెత్తగా నడుస్తున్న చప్పుడు ఒక్కటే ఉంది. నడుస్తున్నదని చెబుతుంది, ఎక్కడున్నదో చెప్పదు. ఇంట్లోకి వెళ్లి కొడుకును లేపి టైము అడగొచ్చు. గంట కొట్టేవాడు టైము అడగడమంటే అన్నీ చెప్పేసినట్టే.

మిగిలింది అలవాటు. ఆ అలవాటు కూడా ఈ మూడు నెలల్లో ఆ గడియారంతో పాటే వెనకబడిందని ఆయనకు తెలుసు. తెలిసీ తాడు పట్టుకున్నాడు. గంట మోగింది. ఎప్పటిలాగే, తప్పు చెయ్యని దానిలాగా మోగింది.

తిరిగి వచ్చేసరికి సుందర్‌రాజు గడపలో దీపం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“నాయినా, ఇప్పుడు కొట్టింది ఐదు గంటలదే గద?”

“ఊఁ.”

“ఇది ఐదూ ఇరవై సూపిస్తున్నది.”

పొయ్యి దగ్గర గిన్నె చప్పుడు ఆగింది. సుకుమారి లేచి వచ్చింది. “ఏందీ, ఒక్క రాత్రికేనా? చూలు మేకను అమ్మితి గదా.”

“రేడియో పీపుకు కలిపిన. పండుకునే ముందు చావి ఇచ్చిన. అయినా ఇరవై నిమిషాలు ముందుకు ఉరికింది.” సుందర్‌రాజు గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు, తండ్రి పెట్టుకున్నట్టే. “నడక మంచిగనే ఉన్నదే.”

“చెడిన పెండ్లిదని తెలిసి గూడ తెస్తిరి,” అంది సుకుమారి. “మామా, నీ చెవి గూడ మోసపోయిందా?”

మొన్న గంటను అనుమానించిన మనిషి. ఈ రోజు ఆమె కూడా గంటను అనుమానించలేదు. గడియారం అబద్ధం, మేక అబద్ధం, కిష్టప్ప అబద్ధం. ఆ ఇంట్లో గంట ఒక్కటే నిజం. ఈ నమ్మకం కోసమే ఆయన మొన్న పోట్లాడాడు. ఇప్పుడది దొరికింది, గొంతులో ఎముకలాగా.

“పోనీ తియ్. పొద్దుమీకి వచ్చినంక కిష్టప్పకు సూపిద్దాం,” అని సుందర్‌రాజు గటక గిన్నె ముందు కూర్చున్నాడు. “ఇప్పటికైతే గంటతోని కలుపుత. బస్సుకు ఇంకా ముప్పావు గంట ఉన్నది.”

ముప్పావు గంట లేదు. బస్సు పావు తక్కువ ఆరుకు. రోడ్డు రెండు మైళ్లు. గడియారం చెప్పినట్టు ఇప్పుడే ఉరికితే అందుతుందేమో. గంట చెప్పినట్టు గటక తాగితే, ఇదే మూడోసారి.

కృపానందానికి కళ్లు లేవు గానీ చెవులున్నాయి. గిన్నెలో వేళ్లు కలిపిన చప్పుడు విన్నాడు. ఎడమ చేతి గడియారం చావిని కొడుకు పళ్లతో పట్టి పైకి లాగిన చప్పుడు విన్నాడు. చిన్న టిక్కు. ఇక తిప్పడమే.

చెబితే ఇల్లు పోతుంది. ఈ గడప, ఆ గుంజ, దయావతి దంచిన రోలు.

“తిప్పకు,” అన్నాడు.

“ఏంది నాయినా?”

“తిప్పకురా. గడియారం సరింగనే ఉన్నది. గటక ఇడిసిపెట్టు. ఉరుకు.”

సుందర్‌రాజు తండ్రి ముఖంలోకి చూశాడు. తండ్రి చూపు తన వైపు కాకుండా, తన పక్కనున్న గోడ వైపు ఉంది. గిన్నె కింద పెట్టాడు. చావిని నొక్కేశాడు. చెప్పులు చేత్తో పట్టుకుని చీకట్లోకి పరుగెత్తాడు.

ఆ అడుగులు కాంపౌండు గోడ దాటాయి.

తర్వాత సుకుమారి దీపం తీసుకుని మామ ముందు కూర్చుంది. దీపాన్ని ఆయన కళ్ల ముందు ఎడమకు జరిపింది. కుడికి జరిపింది. ఆయన కళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయన కుడిచెయ్యి పట్టుకుని, మడిచిన చూపుడు వేలిని విప్పింది. గోరు చుట్టూ, చర్మం గీతల్లో, గడియారం ముల్లు మసి. రోజూ ఆమె తువ్వాలు మీద రుద్దుతున్న మరక అదే.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేదని ఆయన ఎదురుచూశాడు. ఆమె కొంగు తడిపి ఆ వేలిని తుడవడం మొదలుపెట్టింది. మరక పోలేదు.

“పన్నెండుకు మళ్ల గంట కొట్టాలె గద మామా,” అంది తుడుస్తూనే. “ఎట్ల కొడతవు?”

“ఇయ్యాల అయ్యగారికి కబురు పంపాలె బిడ్డా.”

“పంపితే మనం ఏడికి పోవాలె?”

ఆయన చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. ఇద్దరూ అలాగే కూర్చుని రోడ్డు వైపు విన్నారు. తూర్పున వెలుగు వచ్చిందేమో, పిట్టలు మొదలుపెట్టాయి.

చాలాసేపటికి దూరంగా బస్సు మోత వినపడింది. దగ్గరికి వచ్చింది. ఆగింది. మళ్లీ కదిలి పటాన్‌చెరు వైపు పోయింది. ఆగినప్పటికీ కదిలినప్పటికీ మధ్య ఒక మనిషి ఎక్కాడో లేదో వినగలిగే చెవి మాత్రం ఆయనకు లేదు.